మొలతాడుకు కట్టిన పగడం

ఆ ఆదివారం ఉదయం పదిన్నరకి భిలాయి సెక్టర్ టూలోని మా క్వార్టరు ముందుగదిలో ఉన్నవారు: నాన్న, అమ్మ, నందిని గనుల కాలనీ నుంచి వచ్చిన సూరమ్మగారు, ఆవిడ భర్త సింహాచలంగారు, వాళ్ళబ్బాయి రాజు, క్యాంప్ టూ నుంచి పిలిపించిన కంసాలి సత్యంగారు, నేను. వంటింటి కర్టెను వెనకాల మా అక్క పద్మ. మొత్తం ఎనిమిది మంది. ఉన్న వస్తువులు: ప్లేట్లో పన్నెండు లడ్డూలు, నీళ్ళు పొయ్యడం మరిచిపోయిన కూలరు ఒకటి, అగ్గిపెట్టెలో దూది మీద పడుకోబెట్టిన పగడం ఒకటి, నేను స్వయంగా టైపు చేసి స్టేపిల్ కొట్టిన మూడు పేజీల రిపోర్టు ఒకటి. లేని వస్తువు: రెండో పగడం.

పదకొండుంపావుకి లెక్క చూస్తే లడ్డూలు పన్నెండూ పన్నెండుగానే ఉన్నాయి. మా అక్క పెళ్ళి మాత్రం లేదు.

దీనికంతటికీ నేనే కారణమని మా చుట్టాలు ఏకగ్రీవంగా తీర్మానించేశారు. అన్యాయం. బాధ్యులు నలుగురు: ఒకటి, కంసాలి సత్యంగారి భూతద్దం. రెండు, మా అమ్మ. మూడు, పగడం. నాలుగు, నేను. వరుసలో ఆఖరివాణ్ణి. మొదటి ముగ్గురినీ ఈ రోజువరకూ ఎవరూ ఒక్క మాట అన్న పాపాన పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. చదివి మీరే చెప్పండి.

అప్పటికి నేను బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ ముగించి, విశాఖలో సముద్రం ఒడ్డునున్న ఒక పరిశోధనశాలలో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరి ఆరు వారాలు. మా రాష్ట్రం కూడా కొత్తదే. దుర్గ్ బస్సుల మీద పాత రాష్ట్రం పేరు సగం గీకి వదిలేసిన రోజులు. ఉద్యోగం వచ్చాక మొదటిసారి నాలుగు రోజుల సెలవు మీద ఇంటికొచ్చాను.

"ఏటి పని రా నీది?" అంది అమ్మ, మొదటి ముద్ద నోట్లో పెట్టకముందే.

"సముద్రం అడుగున, వెలుగు కూడా చేరని లోతులో పగడాలుంటాయమ్మా. ఓడవాళ్ళు వాటిని పైకి లాగి స్పిరిట్లో వేసి పంపిస్తారు. ఏది ఏ జాతో మేము తేలుస్తాం."

"చూస్తే తెలీదేటి?"

"చూసి నమ్మకూడదు. ఒకే జాతి ఒకచోట విసనకర్రలా పెరుగుతుంది, ఇంకోచోట చీపురులా పెరుగుతుంది. వేరే జాతులు రెండు అచ్చం కవలల్లా ఉంటాయి. అందుకని మైటోకాండ్రియా చూస్తాం."

"అదేటి?"

భిలాయిలో పుట్టినవాడికి పోలిక వెతుక్కోవలసిన పని లేదు. "ప్లాంటులో ఫర్నేసు ఎలాగో, ఒంట్లో ప్రతి కణంలోనూ ఇది అలాగ. శక్తి పుట్టించే కొలిమి. దీనికి సొంత జీన్లుంటాయి. అవి తల్లి నుంచే పిల్లలకి వస్తాయి. నాకున్నవి నీవి. నీకున్నవి అమ్మమ్మవి."

నాన్న పేపరు దించారు. "మరి నావి?"

"మీవి ఇందులో రావు నాన్నా."

"ముప్పయ్యేళ్ళు ఫర్నేసు ముందు నిలబడ్డోణ్ణి నేను. ఇప్పుడు కొలిమంతా మీ అమ్మదంటావేట్రా?"

"సైన్సు అలా అంటోంది."

"సైన్సుకేం, డ్యూటీ చెయ్యాలా పాడా" అని ఆయన మళ్ళీ పేపరెత్తారు.

ఇంత వివరంగా చెప్పినా అమ్మ చెవిన పడింది ఒకే ఒక్క మాట: పగడం. మర్నాడు పొద్దున్నకల్లా మా వీధి వీధంతా తెలిసిపోయింది. పళ్ళు తోముకుంటూ బయటికొస్తే వరండాలో నలుగురు ఆడవాళ్ళు ఉంగరాలు తీసి అరచేతిలో పెట్టుకుని నిలబడ్డారు. పక్క క్వార్టరు దీదీ, "భయ్యా, జర దేఖ్ దో, అసలీ హై క్యా?" అంటోంది. ఇంకొకావిడ, "కుజదోషానికని చేయించాం బాబూ, దోషం పోలేదు. నకిలీయేమో చూడు" అంది. మైటోకాండ్రియల్ జన్యుశాస్త్రం ఉంగరాల దుకాణం కాదని ఎంత చెప్పినా వినరే! అయినా, నిజం ఒప్పుకోవాలి కదా, నురగ నోటితోనే రెండు ఉంగరాలు వెలుతురుకి పెట్టి చూసి తలాడించాను. జీవితంలో మొదటిసారి నన్నెవరో ఏదో అడిగారు. కొంచెం పొంగిపోయాను. ఆ పొంగే కొంప ముంచింది.

ఇక అసలు సంగతికొస్తాను.

మా అక్క నందిని కాలనీలో చిన్నపిల్లల బడిలో టీచరు. రాజు అక్కడే సున్నపురాయి గనుల్లో రాయి నాణ్యం చూసే ఉద్యోగి. ఇద్దరిదీ మూడేళ్ళుగా ఒకే బస్సు. మొదటి ఏడాది ఒకే బస్సు, రెండో ఏడాది ఒకే సీటు, మూడో ఏడాదికి ఇంట్లో చెప్పారు. అందరూ సరేనన్నారు, సూరమ్మగారు తప్ప. ఆవిడ ఒప్పుకోడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో అక్క ఎంత చిక్కిపోయిందంటే బస్సు కండక్టరు హాఫ్ టికెట్ ఇవ్వబోయాడు. చివరికి ఒకరోజు సూరమ్మగారు మా ఇంటికొచ్చి, తన మెళ్ళో పుస్తెల తాడుకి అటొకటి ఇటొకటి ఉన్న రెండు ఎర్ర పగడాలూ ఊడదీసి, మా అమ్మ చేతిలో పెట్టింది.

"మా అత్త నాకిచ్చినాది. ఆవిడత్త ఆవిడకిచ్చినాది. ఈ జత ఎవుల మెళ్ళో ఉంటే ఆలే మా ఇంటి కోడలు. చివర్ల కొత్తగా బంగారం తొడుగులేయించి, నీ కూతురి తాడుకి గుచ్చించీ వొదినా" అంది.

అంటే ఆ పగడాలు పగడాలు కావు. అవి సూరమ్మగారి 'సరే'. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి. నాకు మాత్రం గుర్తులేకపోయింది.

నేను ఇంటికొచ్చిన రెండో రోజున అమ్మ ఆ జతని క్యాంప్ టూలో కంసాలి సత్యంగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన భూతద్దం కంటికి బిగించి, పగడాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, పెదవి విరిచాడు.

"ఓ పక్క తెల్లగా తేలిందమ్మా. పగడమో... రంగేసిన ఎముకలాగుందో..."

మొదటి బాధ్యుడు. ఆ మూడు చుక్కల దగ్గర ఆగిపోయిన మనిషి. తెలిస్తే చెప్పాలి, తెలియకపోతే భూతద్దం దించాలి. మధ్యలో ఇలా వేలాడదీసి వదిలితే మా అమ్మలాంటి మనిషికి అన్నం సయిస్తుందా? ఇంటికొచ్చి కూలబడింది.

"నకిలీ అని తెలిసే ఇచ్చిందంటావా? లేక తెలీకిచ్చిందా? రేపు పెళ్ళిలో ఎవులైనా చూసి ఎముకంటే మన మొకం ఏటవ్వాల?"

అక్క వంటింట్లోంచి అట్లకాడతోనే వచ్చింది. "అమ్మా, నోరు మూసుకుని గుచ్చించెయ్యి. ఎముకైనా, ఇటుక ముక్కైనా నాకు పర్వాలేదు. ఆవిడ ఇచ్చింది, అది చాలు."

"నేను తేల్చేస్తాను" అన్నాను నేను.

"నువ్వేటీ తేల్చకు. దిమాగ్ ఖరాబ్ అయ్యిందేట్రా? మూడేళ్ళు పట్టింది నాకు ఇక్కడిదాకా రావడానికి."

"అక్కా, అనుమానం మీద సంసారం నిలబడదు. ఒక్క చిన్న పరీక్ష. నిజం పగడమైతే లోతు సముద్రంలో దాని చుట్టాలెవరో కూడా చెప్పేస్తాను."

"నాకు కావలసింది నందినిలో చుట్టాలు. సముద్రంలో కాదు."

నేను ఎటు తిరిగానో చూశారా? అమ్మ వైపు. అమ్మ గొంతు తగ్గించి, "పగడానికేటీ అవ్వదు కదా?" అంది.

"ఏమీ అవ్వదు" అన్నాను. అప్పుడు నిజంగానే అలా అనుకున్నాను. రాతపూర్వకంగా అడిగినా అదే ఇచ్చేవాణ్ణి.

జతలో ఒకటి అగ్గిపెట్టెలో ఇంట్లోనే ఉండిపోయింది. రెండోది నాతో బయల్దేరింది. ఎలా బయల్దేరిందీ? శుభ్రమైన సీసాలో, మూత బిగించి, లేబులు అంటించి తీసుకెళ్దామని నేను సీసా కూడా కడిగి ఆరబెట్టాను. అమ్మ ఒప్పుకోలేదు.

"రైల్లో సంచులు పోతాయి, సీసాలు పోతాయి. మొలతాడు పోదు. చొక్కా ఎత్తు."

"అమ్మా, నేను ఎమ్మెస్సీ..."

"ఎమ్మెస్సీకి మొల లేదేటి? ఎత్తు!"

పగడం రంధ్రంలోంచి దారం దూర్చి, నా మొలతాడుకి మూడు ముళ్ళు వేసి కట్టింది. మా ఇంట్లో దూరప్రయాణం చేసే ప్రతి విలువైన వస్తువూ ఇలాగే వెళ్తుంది. మా తాతగారి వాచీ శ్రీకాకుళం నుంచి భిలాయి ఇలాగే వచ్చింది. మే నెల. స్లీపరు బోగీ. దాదాపు ఒక పగలంతా. ఎండ రైలు పైకప్పు మీద దోశ పోస్తోంది. నా ఒంటి మీద చెమట పైనుంచి కిందికి పారి, అన్ని దారులూ మొలతాడు దగ్గర కలుసుకుని, అక్కడ చెరువు కట్టాయి. ఆ చెరువులో పగడం ఈతకొట్టింది. సముద్రం వదిలాక దానికి అంత ఉప్పునీరు దొరకడం అదే మొదటిసారి అయ్యుంటుంది. దురద పెట్టినప్పుడల్లా నేను గోకాను కూడా.

రెండో బాధ్యురాలు ఎవరో చూశారుగా. ఇంట్లో ఈ మాటంటే నాకు అన్నం పెట్టరు.

విశాఖలో దిగాక నేను చాలా పద్ధతిగా నడుచుకున్నాను. ఆ పద్ధతి వరుసగా చెప్తాను. ఎవరూ లేని సెలవురోజు చూసుకున్నాను. చేతులకి గ్లవుజులు తొడుక్కున్నాను. పగడాన్ని స్పిరిటు దూదితో పైపైన ఒకసారి తుడిచాను. మా ప్రాజెక్టు శాంపిళ్ళ రిజిస్టరులో ఆఖరున, ఎవరూ గమనించకుండా, 'పి-పద్నాలుగు' అని చేర్చాను. పి అంటే పద్మ. ఎక్కువ పొడి అక్కర్లేదు, రంధ్రం అంచున కాస్త గీకితే చాలనుకున్నాను. కానీ పద్ధతి కాగితం మీద ఎంత తూకం కావాలో రాసి ఉంది. పగడాన్ని తూచాను. ఆ తూకానికి ఇంచుమించు సరిపోయింది.

ఇక్కడ ఇంకో మనిషైతే ఆగేవాడు. నేను కాగితం చెప్పింది చేసేవాణ్ణి. 'జతలో ఇంకోటుందిగా' అనుకుని పింగాణీ కల్వంలో వేసి మూడు తరాల అత్తగార్లని మెత్తగా నూరేశాను. పొడి చాలా అందంగా ఉంది. లేత గులాబీ రంగు. ఆ రంగు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

నూరిన పొడిలోంచి డీఎన్‌ఏ తీశాను. జంతువులన్నిటికీ పనికొచ్చే మైటోకాండ్రియా జీను ముక్క ఒకదాన్ని యంత్రంలో పెట్టి లక్షల కాపీలు చేశాను. పక్కనే పగడం వెయ్యని ఉత్త ట్యూబు కూడా నడిపాను; నా చేతుల్లోంచో, మందుల్లోంచో మకిలి పడితే ఆ ట్యూబులో కనిపించాలి. ఆ ట్యూబు అద్దంలా శుభ్రం. మిగతా శాంపిళ్ళతో కలిపి అక్షరాలు చదివించడానికి పంపించాను. రెండు వారాల తర్వాత ఫలితం వచ్చింది. కంప్యూటర్లో పోల్చి చూశాను. పగడం కాదు. శంఖం కాదు. చేప కాదు.

మనిషి.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నా తర్కం వినండి. గాజుకీ ప్లాస్టిక్కుకీ జీన్లుండవు. పగడమైతే పగడం జీను రావాలి. ఉత్త ట్యూబు శుభ్రంగా ఉంది కాబట్టి నా చేతుల మకిలి కాదు. కాబట్టి ఆ పూస ఎముక. మామూలు ఎముక కూడా కాదు, మనిషి ఎముక. సత్యంగారి భూతద్దం గెలిచింది, దానికి పైమెట్టు నేనెక్కాను! ప్రాజెక్టు నడిపే మా మేడమ్‌కి చెప్పలేదు. రిజిస్టరులో దొంగతనంగా చేర్చిన శాంపిలు కదా. మూడు పేజీలు టైపు చేసి, పెద్దక్షరాల శీర్షిక పెట్టి, నిశ్చయ తాంబూలాల ఆదివారానికి రైలెక్కాను. ఈసారి మొలతాడుకి ఏమీ లేదు. హాయిగా నిద్రపట్టింది.

ఇప్పుడు మళ్ళీ ముందుగదిలోకి రండి. పన్నెండు లడ్డూలు. ఎనిమిది మంది.

సూరమ్మగారు అగ్గిపెట్టె తెరిచి చూసింది. "బాబూ, ఇంకో పగడమేదీ?"

"రిపోర్టులో ఉందండీ."

"కాయితంలో పగడం ఎలగుంటాది?"

"పరీక్ష కోసం పొడి చేశానండీ."

కర్టెను వెనకాల గిన్నె ఒకటి కింద పడింది. అమ్మ నా వైపు చూసిన చూపుకి కూలరు నీళ్ళు లేకుండానే చల్లబడింది. "ఏటీ అవ్వదన్నావు కదరా!"

"పొడి అవ్వడం అనేది..." అని మొదలుపెట్టి, ఆ వాక్యం ఎటూ వెళ్ళట్లేదని తెలిసి, రెండో పేజీ తిప్పాను. "అసలు విషయం ఇది కాదండీ. దీనికన్నా పెద్దది. ఆ పూస పగడం కాదు. అందులో దొరికినవి మనిషి జీన్లు. అది మనిషి ఎముక."

ప్లాంటులో షిఫ్టు సైరన్ మోగితే బాగుండుననిపించింది.

సింహాచలంగారు గొంతు సవరించుకున్నారు. "మనిషంటే... ఎవులు?"

"పేరు తెలీదండీ. తల్లివైపు వంశం మాత్రం చెప్పగలను."

"ఓలమ్మో!" అంది సూరమ్మగారు గుండె మీద చెయ్యేసుకుని. "ముప్పయ్యేళ్ళు మెళ్ళో మనిసెముక ఏసుకు తిరిగినానా? మా అత్త నన్ను అన్నేళ్ళు ఏపుకు తింటే ఎందుకో అనుకున్నాను. తెలిసే కట్టినాది నా మెళ్ళో!"

"మా అమ్మననకు!" సింహాచలంగారు లేచారు.

"అనకేటి? ఎముక కట్టినోలినేటనాల?"

"సూరమ్మా, ఈడెవుడో కాయితం తెచ్చి చదివితే నువ్వు మా అమ్మ మీద పడతావా?"

ఆ మాటతో ఆవిడ కోపం భర్త మీంచి గిర్రున తిరిగి మా మీద వాలింది. "అవును, అదీ నిజమే. నమ్మి చేతిలో పెడితే నూరి పొడి చేసీసినారు. పైగా మా ఇంటి కోడళ్ళకి ఎముకలు కడతామని రాసి తెచ్చినారు. లెగండి. ఈ సంబంధం వొద్దు. ఆ ఉన్నదొక్కటీ ఇలాగిచ్చీండి."

చెయ్యి చాపింది. అమ్మ అగ్గిపెట్టెని గుప్పిట్లో మూసుకుంది. కర్టెను తొలగింది. అక్క గుమ్మంలో నిలబడింది, చేతిలో కాఫీ ట్రేతో. ఏడవలేదు. నన్ను తిట్టలేదు. కాఫీలు చల్లారిపోతున్నాయన్నట్టు ట్రే వైపే చూస్తోంది. తిట్టుంటే బాగుండేది.

ఇంతసేపూ నోరు విప్పని రాజు లేచాడు. "అమ్మా, ఒక్క నిమిషం ఆగు." బయటికెళ్ళి స్కూటరు డిక్కీలోంచి చిన్న చుక్కల సీసా తెచ్చాడు. నందినిలో రాయి చూసేవాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉండేదే అది, పల్చటి యాసిడ్. "సత్యం మావయ్యా, మీ భూతద్దం ఓసారి." అగ్గిపెట్టెలోని పగడం తీసి, రంధ్రం అంచున, తొడుగేశాక కనబడనిచోట, సూదిమొన అంత చుక్క పెట్టాడు.

చుయ్యిమంది. బుడగలు పొంగాయి. తుడిచేశాడు.

"సున్నం. పగడమంటే సముద్రంలో పురుగులు కట్టుకున్న సున్నమే కదా. మేం రోజూ చూసేదే. ఎముకైతే ఇలా పొంగదు, ప్లాస్టిక్కు అసలు పొంగదు. ఇది ఎముక కాదమ్మా, దీని జతా కాదు."

మూడు వారాల పరిశోధన. ఒక చుక్క. నేను రిపోర్టు గాల్లో ఊపాను. "అది ఒట్టి సున్నమనే చెప్తుందండీ! పాలరాయి కూడా పొంగుతుంది! అది జాతి చెప్పదు!"

"జాతి ఎవరడిగారు యార్?" అన్నాడు రాజు.

ఇది నిజం. జాతి ఎవరూ అడగలేదు. నేను వెనక్కి తగ్గలేదు. "మా మేడమ్‌తో మాట్లాడండి. ఆవిడ ఇరవయ్యేళ్ళుగా ఇదే పని. సీక్వెన్సు అబద్ధం చెప్పదు. రండి ఎస్టీడీ బూత్‌కి!"

పెద్దవాళ్ళని గదిలో అలాగే నిలబెట్టి, నేనే, నా కాళ్ళతోనే, సాక్షిని కూడా వెంటబెట్టుకుని, మార్కెట్లో బూత్‌కెళ్ళాను. గాజు పెట్టెలో ఇద్దరం ఇరుక్కున్నాం. రాజు చెవి రిసీవరుకి అవతలి పక్క ఆనించాడు. మేడమ్ ఇంట్లోనే ఉంది.

"నువ్వా? నేనే నీకోసం చూస్తున్నాను. మన ప్రాజెక్టులో పి వరుస లేదే. పి-పద్నాలుగు ఎక్కడిది?"

"తర్వాత చెప్తాను మేడమ్. అది మనిషే కదా?"

"మనిషే."

రాజు వైపు విజయగర్వంతో చూశాను.

"ఎవరో కూడా తెలుసు" అంది మేడమ్. "ఉద్యోగంలో చేరిన రోజు అందరి బుగ్గల్లోంచీ దూదిపుల్లతో నమూనా తీసుకున్నాను, గుర్తుందా? ఎందుకనుకున్నావు? ఇలాంటివి వస్తే పోల్చి చూడ్డానికే. నీ పి-పద్నాలుగు అక్షరం అక్షరం నీదే."

"ఉత్త ట్యూబు శుభ్రంగా ఉంది మేడమ్!" దాదాపు అరిచాను.

"ఉంటుంది. మకిలి ట్యూబుల్లో లేదు, పూసలోనే ఉంది. దాన్ని ఎలా తెచ్చావు?"

గాజు పెట్టెలో గాలి ఆడటం లేదు.

"మొలతాడుకి కట్టుకుని."

"ఎంతసేపు?"

"పగలంతా."

"రంధ్రం లోపల కడిగావా?"

"పైన తుడిచాను."

అవతల ఆవిడ నవ్వుతోందో దగ్గుతోందో తెలియని చప్పుడు. "నాయనా, సానబెట్టిన పాత పూసలో పగడం డీఎన్‌ఏ మిగలడమే కష్టం. ఒకవేళ వచ్చినా నీకు జాతి తేలేది కాదు. ఇలాంటి పగడాల మైటోకాండ్రియా ఎంత నెమ్మదిగా మారుతుందంటే, వేరే జాతులు పక్కపక్కనే పెట్టినా ఒకేలా చదువుతుంది. మొదటి వారంలోనే చెప్పాను. రాసుకున్నావు కూడా."

రాసుకున్నాను. నోట్‌బుక్కు నాలుగో పేజీ. కింద రెండు గీతలు కూడా గీశాను.

మూడో బాధ్యురాలు ఇదిగో, ఈ పగడం. కొన్ని కోట్ల ఏళ్ళుగా సముద్రం అడుగున కూర్చుని సరిగ్గా మారడం కూడా చేతకాని జంతువు. దీన్ని ఎవరూ ఏమీ అనరు!

మా గేటు దగ్గర రాజు ఆగి, "నువ్వు చెప్తావా, నేను చెప్పనా, బామ్మర్దీ?" అన్నాడు. ఇంకా బామ్మర్దిని కాలేదు, అవుతానో లేదో కూడా తెలీదు. అయినా ఆ మాటకి కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"నేనే చెప్తాను" అన్నాను.

గదిలో ఎవరూ కూర్చోలేదు, ఎవరూ వెళ్ళలేదు. వరుసగా చెప్పాను: మొలతాడు, చెమట, రంధ్రం, బుగ్గలోని దూదిపుల్ల. "పగడం నిజమైనదే. ఎముక లేదు. అందులో దొరికిన మనిషిని నేనే."

"నాను కట్టినదాని తప్పంటావేటి?" అమ్మ గయ్యిమంది. "మీ తాత వాచీ కూడా అలగే వొచ్చినాది. అది ఇప్పటికీ తిరగతంది!"

"నేను 'లాగుంది' అన్నాను గానీ 'ఎముక' అన్లేదు బాబూ" అన్నాడు సత్యంగారు, భూతద్దం జేబులో దాచుకుంటూ.

సూరమ్మగారు నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "అంటే... మా పగడంలో ఉన్నది నువ్వా?"

"ఆ జీన్లు తల్లి నుంచే వస్తాయండీ. నా దగ్గరున్నవి మా అమ్మవే. అక్కవీ అవే. ముగ్గురివీ ఒకటే."

నాన్న వెంటనే చెయ్యెత్తారు. "ముందే చెప్తున్నాను వదినగారూ, అందులో నాదేటీ లేదు. నన్ను కలపకండి."

సింహాచలంగారు ఫక్కుమన్నారు. సూరమ్మగారు నవ్వలేదు. అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుని, ఒక్కొక్క మాటా తూచి అంది.

"మా అత్త సొత్తూ, వొదిన కూతురి రగతమూ అప్పుడే ఒక కల్వంలో కలిసి నలిగిపోనాయి. ఇప్పుడు కాదంటే ఆ పొడిని నానెలగేరుతాను?" అక్క వైపు తిరిగింది. "ఏటలగ నిలబడ్డావు? కాఫీ చల్లారిపోతంది. ఇలగట్రా."

అక్క ట్రే దించింది. అప్పుడు ఏడ్చింది.

"ఆ పొడి ఏదీ?" అని సూరమ్మగారు నన్నడిగింది.

"పొడి అయిపోయిందండీ. అందులోంచి తీసిన నీళ్ళచుక్క ఒకటి మిగిలింది. చిన్న ప్లాస్టిక్ ట్యూబులో, ఫ్రీజర్లో."

"అదట్టుకురా. మా అత్త సొత్తు."

"అందులో ఉన్నది ఎక్కువగా నేనండీ."

"నువ్వూ ఉండు. కాపలాకి."

పెళ్ళి ఆ వేసవిలోనే అయింది. అక్క పుస్తెలకి ఒకవైపు పగడం, రెండోవైపు ఉత్త బంగారు గుండు. అడిగిన ప్రతివాళ్ళకీ అక్క, "ఒకటి మా అత్త ఇచ్చింది, ఒకటి మా తమ్ముడు నూరేశాడు" అని చెప్పింది. నాలుగు వందల మంది వచ్చిన పెళ్ళి. సిగ్గుతో నేను వడ్డన వైపు కూడా రాలేదు. ఆ ట్యూబుని మాత్రం సూరమ్మగారు నందినిలో తన దేవుడి గూట్లో పెట్టింది. మూతకి కుంకంబొట్టు. రోజూ స్నానం చేసి దానికి దండం పెట్టుకుంటుంది. అంటే నాకే. ఈ సంగతి ఆవిడకి వివరించబోతే, ఇంకోసారి ఆ మాటెత్తితే కాళ్ళిరగ్గొడతానంది.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట చుట్టాల మెళ్ళో, చెవుల, చేతుల ఉన్న ఏ వస్తువునీ తూచను, తుడవను, కల్వంలో వెయ్యను. ఎవరూ అడగని ప్రశ్నకి స్టేపిల్ కొట్టిన జవాబు ఇవ్వను. శాంపిలుకీ నా నడుముకీ మధ్య కనీసం ఒక సీసా ఉంచుతాను, అమ్మ ఎంత అరిచినా సరే.

పైన బాధ్యుల లెక్క ఒకటి ఇచ్చాను. మళ్ళీ సరిచూశాను, కూడికలో పొరపాటుంది. భూతద్దం 'లాగుంది' అని మాత్రమే అంది. మొలతాడు దాని పని అది చేసింది, పగడం పోలేదు. పగడానికి ఏ పాపమూ తెలీదు.

సరిదిద్దిన లెక్క. బాధ్యులు: ఒకరు. తాడుకి ఉండవలసిన పగడాలు: రెండు. ఉన్నవి: ఒకటి.